చొక్కా లోపలి ప్రార్థన

“నీకేం, నీకెవరి సాయమూ అక్కర్లేదు,” అన్నాడు భర్త, తాగేసిన టీ కప్పు ఆమె ముందుకు జరుపుతూ. “సాయంత్రం ప్రార్థనకి పద్నాలుగు మంది వస్తామన్నారు. కుర్చీలు మేడమీద గదిలో ఉన్నాయి కదా, ఓసారి దించేసి పనికెళ్ళు.”

ఆ మాటలో పొగడ్త కూడా ఉంది. చిక్కంతా అక్కడే. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఆమెకి పనినీ పొగడ్తనీ కలిపే వడ్డిస్తున్నారు. మొదట్లో ఆ పొగడ్త రుచిగానే ఉండేది. ఎనిమిదిమంది చుట్టాలు ఒక్కసారిగా దిగినా గంటలో వంట చేసి పెట్టినప్పుడు, మామగారు మంచాన పడ్డ పదకొండు నెలలూ ఆయన పక్కబట్టలు ఎవరి ముక్కుకీ వాసన తగలకుండా మార్చినప్పుడు, “అబ్బ, ఏం మనిషి!” అని అందరూ అంటుంటే ఆమెకి నడుం నిటారుగా అయ్యేది. ఆ మాటతో కడుపు నిండదని తెలిసేసరికి ఆమెకి నలభై ఆరేళ్ళు వచ్చాయి.

ప్లాస్టిక్ కుర్చీలు రెండేసి చొప్పున ఎడమ చేత్తోనే దించింది. కుడి చెయ్యి మెట్ల పక్కనున్న కడ్డీని పట్టుకున్నట్టు నటించింది. నిజానికి ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేచి మూడు నెలలైంది. హాల్లో సోఫా మీద కూర్చుని అత్తగారు ఫోనులో కూతురితో చెబుతోంది. “నాకేం బెంగే? నా కోడలు ఈ ఇంటికి దూలం లాంటిది. అది ఉన్నంతకాలం పైకప్పు కదలదు.” చెబుతూనే కోడలు కుర్చీలు మోసుకొచ్చేందుకు వీలుగా కాళ్ళు కాస్త పక్కకి జరిపింది. దూలానికి నొప్పి పుడుతుందని ఎవరికి మాత్రం తడుతుంది?

మొదట్లో చెప్పకపోలేదు. అటక మీద డబ్బా అందుకోబోతే భుజంలో ఏదో కలుక్కుమందని ఆ రోజే చెప్పింది. “వయసొస్తోందోయ్,” అని నవ్వాడు భర్త. “పని మాత్రం ఆపకు. ఆపావంటే బిగుసుకుపోతుంది.” అత్తగారు తన కాలంలో రెండు వీధుల అవతల్నుంచి ఎన్నెన్ని బకెట్ల నీళ్ళు మోసిందో చెప్పింది. ఆ బకెట్లు విన్నాక ఆమె మళ్ళీ భుజం మాట ఎత్తలేదు. జడ వేసుకోవడానికి చేతులు వెనక్కి వెళ్ళకపోతే, ఒక ఆదివారం పొద్దున వీధి చివరి దుకాణంలో మెడ దాకా జుట్టు కత్తిరించుకుని వచ్చేసింది. “ఈ వయసులో ఫ్యాషనేమిటి?” అన్నాడు భర్త. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. చేతకాక కత్తిరించుకున్నానని చెప్పడం కన్నా, సోకుకి కత్తిరించుకుందని వాళ్ళనుకోవడమే నయమనిపించింది.

పనిచేసే ఆసుపత్రిలోనే ఒక డాక్టరుకి దుప్పట్లు అందిస్తూ, ఎవరి గురించో అడిగినట్టు అడిగింది. ఆయన ఆమె ముఖం ఒకసారి, భుజం ఒకసారి చూసి చీటీ రాసిచ్చాడు. ఆరు వారాలు బరువు ఎత్తకూడదు, రోజూ వచ్చి భుజానికి వ్యాయామం చేయించుకోవాలి. “నిర్లక్ష్యం చేస్తే ఈ చెయ్యి ఇక ఇంతే,” అన్నాడు. ఆ చీటీ రెండు నెలలుగా ఆమె సంచిలో, దువ్వెన పక్కన పడి ఉంది.

ఇక దేవుడి సంగతి. వారానికోసారి ఆ ఇంట్లోనే ప్రార్థన జరుగుతుంది. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. పెద్దాయన ఒకరు, భర్తకి బాబాయి వరస, ఒక్కొక్కరినీ “నీకేం కావాలమ్మా, నీకేం కావాలి నాయనా” అని అడుగుతాడు. ఒకరికి సంతానం, ఒకరికి ఉద్యోగం, ఒకరికి మోకాళ్ళు. చివర్లో అందరి కోసం కలిపి ప్రార్థిస్తారు. ఆమె వంతు వచ్చేసరికి ఆమె వంటింట్లో ఉంటుంది. “మా ఆవిడకి కోరికలేం ఉండవు బాబాయ్. తృప్తిగల మనిషి,” అని భర్తే జవాబు చెప్పేస్తాడు. ఆ మాట ఆమెకి టీ గిన్నె దగ్గర వినబడుతుంది. దేవుడు కళ్ళు మూసుకునే తీరిక ఉన్నవాళ్ళకే దొరుకుతాడని ఆమె ఏనాడో తేల్చుకుంది. పొయ్యి మీద పాలు పెట్టుకున్న మనిషి కళ్ళు మూసుకుంటే ఎలా?

అయితే ఆ కోపం కింద ఇంకొకటి దాక్కుని ఉంది, అది ఆమె ఒప్పుకోదు. హాల్లో వాళ్ళు దేవుణ్ణి అదివ్వు ఇదివ్వు అని అడుగుతుంటే ఆమెకి లోలోపల చులకన. నేనెవర్నీ అడగను. మిమ్మల్నీ అడగను, మీ దేవుణ్ణీ అడగను. అడగని మనిషి ఎవరి ముందూ తల వంచక్కర్లేదు. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది ఆ ఒక్క పొగరే. దాన్ని ఎవరూ తుడవకుండా, ఎవరూ తాకకుండా తనే మెరుగు పెట్టుకునేది.

ఆమె పనిచేసేది ఆసుపత్రి నేలమాళిగలోని బట్టల విభాగంలో. ఉతికి, వేడి ఇనప రోలర్ల మధ్య నుంచి వచ్చిన దుప్పట్లు, ఆపరేషన్ గది ఆకుపచ్చ గుడ్డలు ఇద్దరు ఆడవాళ్ళ బల్ల మీదికి వస్తాయి. ఆపరేషన్ గుడ్డలకి ఒక పద్ధతుంది. ప్రతి గుడ్డనీ రెండు చేతులతో తలకన్నా ఎత్తుకి లేపి, ఎదురుగా ఉన్న దీపానికి అడ్డం పట్టాలి. చిరుగుంటే వెలుగు చుక్కలా కనిపిస్తుంది. కుట్లు వేసే వంకర సూది ఏదైనా పొరపాటున మిగిలిపోతే నల్ల గీతలా కనిపిస్తుంది. చూశాక మడిచి, కట్ట కట్టి పంపాలి. మామూలుగా ఒక గుడ్డకి ఇద్దరు కావాలి. ఆమె మాత్రం ఒక్కతే చేసేది. గుడ్డని గాలిలో ఒక్కసారి విసిరి, కిందికి దిగేలోపు చూసేసి, గడ్డంతో అదిమి మడిచేసేది. ‘మిషనమ్మ’ అని పేరు పెట్టారు అక్కడ.

బల్లకి అటువైపు పనిచేసేది బుల్లక్క. ఆమెకన్నా ఐదేళ్ళు పెద్దది, ఎత్తు మాత్రం బల్లకి కాస్త పైన. గుడ్డ ఎత్తితే సగం నేల మీదే ఉంటుంది. అందుకని దారినపోయే ప్రతివాళ్ళనీ పిలుస్తుంది. “ఓ వాచ్‌మన్ బాబూ, ఈ కొస పట్టుకో.” “డాక్టరుగారూ, తొందరేం లేదుగా, ఇటు కాస్త పట్టుకోండి, మీ ఎత్తు వృథాగా పోతోంది.” ఒకసారి పెద్ద డాక్టరంతటివాడు నవ్వుకుంటూ నాలుగు దుప్పట్లు మడత పెట్టి వెళ్ళాడు.

“సిగ్గుండాలక్కా, అందర్నీ అలా అడగడానికి,” అంది ఆమె ఆ రోజు.

“దేనికే సిగ్గు? పొట్టిగా ఉన్నానని అందరికీ కనబడుతూనే ఉందిగా! దాచితే పొడుగవుతానా?” అంది బుల్లక్క. “దేవుడితోనూ అంతే నేను. పొద్దున్న లేవగానే ఒకే మాట: అయ్యా, ఇది నాకందదు, ఆ రెండో కొస నువ్వు పట్టుకో. అంతకన్నా పెద్ద ప్రార్థనలు నాకు రావు.”

ఆమె నవ్వి ఊరుకుంది. పాపం, ఏమీ చేతకాని మనిషి అనుకుంది.

మూడు నెలలుగా ఆమె గుడ్డని దీపానికి ఎత్తడం లేదు. ఎత్తలేదు కనక. బల్ల మీద పరిచి ఎడమ అరచేత్తో తడిమి, మడిచేస్తోంది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న అరచెయ్యి, దానికి తెలియకుండా ఏం పోతుంది అనుకుంది. ఈ రోజు మధ్యాహ్నం ఆమె మడిచిన గుడ్డల్నే బుల్లక్క కట్ట కడుతోంది. “అమ్మో!” అని ఒక్క అరుపు అరిచింది. చూపుడు వేలి కొసలో వంకర సూది ఇంత లోతున దిగి వేలాడుతోంది.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. ఉతికినదే, వేడికి కాలినదే, అయినా ఎవరి ఒంట్లోది అని ఎవరు చెప్పగలరు? రక్తం పరీక్షకి ఇవ్వాలి, మందులు మింగాలి, ఫలితం వచ్చేదాకా భయం.

“ఈ గుడ్డలు ఎవరు చూశారు?”

సూపర్‌వైజరు ఆమె వంక ఒకసారి చూసి, వెంటనే తల అటు తిప్పేశాడు. “మిషనమ్మ చేతిలో ఇన్నేళ్ళలో దారం ముక్క కూడా తప్పిపోలేదు. బుల్లక్కా, నువ్వే కదూ చూసింది? దీపం నీకు అందదు, పక్కవాళ్ళని పిలవడానికి ఈ రోజు బద్ధకించి ఉంటావు. నీ మీద రాస్తాను, ఏమనుకోకు.”

బుల్లక్క నోరు తెరిచింది. ఆమె వైపు చూసింది. ఏం చూసిందో, నోరు మూసేసుకుని, వేలు గుడ్డతో చుట్టుకుని పరీక్ష గదికి వెళ్ళిపోయింది.

నిజం ఆమె నోటి దాకా వచ్చింది గానీ, ఇన్నేళ్ళ పేరు దానికి అడ్డం పడింది. డ్యూటీ అయ్యేదాకా వంచిన తల ఎత్తకుండా పనిచేసింది. ఒక్క గుడ్డ కూడా మళ్ళీ నమ్మకంగా మడవలేకపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ లేరు. యూనిఫాం తల మీదుగా తొడుక్కునే నీలం చొక్కా. రోజూ అయితే ముందు ఎడమ చెయ్యి తీసి, తల తీసి, చివర్లో కుడి చేతి మీదుగా మెల్లగా జార్చేది. ఈ రోజు మనసు ఎక్కడో ఉండి రెండు చేతులూ ఒకేసారి లాగింది. చొక్కా తల దాకా వచ్చి ఆగిపోయింది. కుడి చెయ్యి సగం పైకి లేచి అక్కడ బిగుసుకుంది. కిందికి దించబోతే ప్రాణం పోయినంత నొప్పి. పైకి లాగబోతే అంతకన్నా ఎక్కువ. ముఖం మీద తడి గుడ్డ, ముక్కు నిండా సబ్బు, చెమట వాసన. నడుం మీద గాలి చల్లగా తగులుతోంది. ఒక నిమిషం అలాగే నిలబడింది. రెండు నిమిషాలు. కాలితో బల్ల ఎక్కడుందో వెతికి కూర్చుంది.

ఎవరైనా వచ్చి చూస్తే? మిషనమ్మ సంచిలో దూరిన పిల్లిలా చొక్కాలో ఇరుక్కుంది! ఆమెకి నవ్వు వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయి ఏడుపైంది. మామగారు పోయినప్పుడు కూడా ఏడవడానికి తీరిక లేని మనిషి, చుట్టాలకి టీలు కాయాల్సి వచ్చింది, ఇప్పుడు తన చొక్కా లోపల చిన్నపిల్లలా వెక్కింది. ఏడుస్తుంటే ఒక్కొక్కటే కనబడ్డాయి. కత్తిరించుకున్న జుట్టు. సంచిలో చీటీ. బుల్లక్క వేలు. నేను ఎవర్నీ అడగనని ఇంత గర్వపడ్డానే, ఆ గర్వం వెల నా వేలు చెల్లించలేదు, ఆవిడ వేలు చెల్లించింది. వాళ్ళు నన్ను దూలం చేశారు, నిజమే. కానీ ఆ దూలాన్ని రోజూ తుడిచి మెరుగు పెట్టింది నేనే కదా.

“నా వల్ల కావడం లేదు,” అంది పైకే.

ఎవరితో అందో మొదట ఆమెకే తెలియలేదు. చొక్కా లోపల నీలంగా, మసగ్గా ఉంది. వాదించాల్సినవాళ్ళు గానీ, మెప్పించాల్సినవాళ్ళు గానీ అక్కడ ఎవరూ లేరు. అయినా ఒంటరిగా ఉన్నట్టు లేదు. తన కన్నా ముందే ఎవరో వచ్చి, ఈ ఒక్క మాట కోసం ఏళ్ళుగా కాచుకుని కూర్చున్నట్టుంది. పొగడ్త కోసం కాదు, పని కోసం కాదు. టీ కోసం అసలే కాదు. “దేవుడా,” అంది మళ్ళీ, ఆ పిలుపు తన నోటికి కొత్తగా తగులుతుంటే, “నాకు నువ్వు కావాలి. నాకెవరో ఒకరు కావాలి. ముందు ఈ చొక్కా విప్పేవాళ్ళు కావాలి.”

అని, పొగరంతా మింగి గట్టిగా పిలిచింది. “ఎవరైనా ఉన్నారా? కాస్త సాయం చెయ్యరూ!”

తలుపు చప్పుడైంది. “ఎవరే అది? ఓరి నాయనో, నువ్వా!” బుల్లక్క గొంతు. “ఆ బల్ల మీద నుంచి లేవకు, కూర్చునే ఉండు. నుంచున్నావంటే నాకందవు.” కట్టు కట్టిన వేలిని దూరంగా ఎత్తిపట్టి, మరో చేత్తో అంగుళం అంగుళంగా చొక్కా తప్పించింది. వెలుగులోకి వచ్చిన ముఖం చూసి ఏమీ అడగలేదు. తన పైట చెంగుతో ముక్కు తుడిచింది.

“అక్కా, ఆ గుడ్డలు చూసింది నేను. కాదు, చూడలేదు. నా చెయ్యి లేవదు.”

“నాకు తెలుసులేవే. మూడు నెలల్నుంచి నువ్వు దీపం వంక చూడ్డం లేదు.”

“తెలిసి ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు చెప్పనిస్తేనా? సాయం కావాలా అని రెండుసార్లు అడిగాను. ముఖం మాడ్చుకున్నావ్,” అంది బుల్లక్క. తర్వాత గొంతు కాస్త గట్టిపడింది. “కోపం లేదనుకునేవు. ఉంది. పద, ఆయన వెళ్ళిపోయేలోపు చెప్పు.”

చెప్పింది. సూపర్‌వైజరు ఆమె ఇచ్చిన డాక్టరు చీటీ చదివి, బుల్లక్క మీద రాసిన కాగితం చింపి, కొత్తది ఆమె మీద రాశాడు. “రేపట్నుంచి రాకు. ఆరు వారాలయ్యాక డాక్టరు సరేనంటే అప్పుడు చూద్దాం. ఈ బల్ల నీకోసం ఖాళీగా ఉంటుందని మాత్రం మాటివ్వలేను.” ఆమె సంతకం పెట్టింది. భయం వేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, భయం వేస్తోందని బుల్లక్కతో చెప్పింది కూడా.

ఇంటికి వచ్చేసరికి హాలు నిండిపోయింది. భర్త ఎదురొచ్చాడు. “ఇంత ఆలస్యమైతే ఎలాగోయ్? పాలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. తొందరగా కానీ.” ఆమె సంచి గోడ పక్కన పెట్టి, పెద్దాయన ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీలో కూర్చుంది. పొద్దున తను దించిన కుర్చీలే. కూర్చుంటే ఎలా ఉంటాయో ఆమెకి తెలియదు.

సంతానం అయింది, ఉద్యోగం అయింది, మోకాళ్ళయ్యాయి. పెద్దాయన ఆమె వైపు తిరిగి తడబడ్డాడు.

“మా ఆవిడకేం కోరికలు...” అని భర్త అందుకున్నాడు.

“నాకు కావాలి బాబాయిగారూ,” అంది ఆమె. “మూడు నెలలుగా నా కుడి చెయ్యి లేవడం లేదు. నా జుట్టు నేను దువ్వుకోలేను. ఈ కుర్చీలు ఎడం చేత్తో దించాను. చెయ్యి దాచుకుని పనిచేసి ఇంకో మనిషికి దెబ్బ తగిలేలా చేశాను. ఇక నా వల్ల కాదు. నాకు సాయం కావాలి.”

భర్త నవ్వు తెచ్చుకున్నాడు. “ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి పదిమందిలో ఏమిటిది? నాతో చెబితే పోయేదిగా.”

“దేవుడికి చెబుతున్నానండీ. మీరూ వింటున్నారు, అంతే.”

అత్తగారు కోడలి మెడ వైపే చూస్తోంది. “అందుకా జుట్టు కత్తిరించుకున్నావ్?” అంది నెమ్మదిగా. “చెప్పొచ్చు కదే, జడ నేను వేసేదాన్నిగా.”

“చెప్పాను అత్తయ్యా. మీరు బకెట్ల సంగతి చెప్పారు.”

అత్తగారు తన చేతుల వంక చూసుకుంది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. మంచి మనిషే. “అందరూ కళ్ళు మూసుకోండి. ప్రభూ, ఈ బిడ్డకి బలం ఇవ్వు. ఈ ఇంటి భారమంతా మునుపటిలాగే మోసే శక్తి...”

“వద్దు బాబాయిగారూ,” అంది ఆమె. అందరి కళ్ళూ తెరుచుకున్నాయి. “బలం ఇమ్మని అడగొద్దు. ఆయన ఇచ్చినకొద్దీ ఈ ఇంట్లో దానిమీద ఇంకాస్త బరువు పెడుతున్నారు. ఆరు వారాలు నేను ఏమీ మొయ్యను. ఆ తర్వాత కూడా ఒక్కదాన్నే మొయ్యను. కుర్చీలు దించేవాళ్ళు లేకపోతే నేల మీద కూర్చోండి. టీ కావాలనుకున్నవాళ్ళకి వంటింటి దారి తెలుసు.”

“మరి... ఏమని ప్రార్థించమంటావమ్మా?” అన్నాడు పెద్దాయన. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

“మీరెవరూ వద్దండీ. నాది నేనే చెప్పుకుంటాను.”

లేవని చేతిని లేచే చేత్తో పట్టి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అందమైన మాటలేవీ రాలేదు. నేను దూలాన్ని కాదు, మనిషిని. నన్ను నువ్వు అలాగే చేశావు. నొప్పి పుట్టేలా, అలిసిపోయేలా, ఇంకొకరు కావలసి వచ్చేలా చేశావు. ఆ సంగతి మర్చిపోయినందుకు క్షమించు. గుర్తు చేస్తుంటే వినని వీళ్ళ ముందు మాత్రం నా నోరు మూతపడనివ్వకు. చుట్టూ కుర్చీలు కదిలాయి, ఎవరో దగ్గారు, ఎవరో గుసగుసలాడారు. ఆమె ఏదీ పట్టించుకోలేదు.

చాలాసేపైంది. భర్త వంగి ఆమె చెవి దగ్గర, ఎవరికీ వినబడకుండా అన్నాడు, “అయిందా? ఇక లే. వాళ్ళు చూస్తున్నారు.”

ఆమె కళ్ళు తెరవలేదు.

“ఉండండి,” అంది, అందరికీ వినబడేలాగే. “ఇప్పుడే కదా మొదలుపెట్టాను.”